ఆసుపత్రిలో ఆయాగా చేరుతున్నారా? మొదటి నెల ఇలా గట్టెక్కండి

మా పక్క ఊరి పిల్ల (మా వైపు అక్కని అప్ప అంటాం) పోయిన వారం ఫోన్ చేసి, "అప్పా, శ్రీకాకుళంలో ఆసుపత్రిలో పని దొరికింది, సోమవారం నుంచి రమ్మన్నారు, ఏటి సెయ్యాలో ఏటో, బయ్యంగా ఉంది" అంది. గంటసేపు చెప్పాను. ఇదే మళ్లీ ఇంకొకరికి చెప్పాల్సి వస్తుందని తెలుసు కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, శ్రీకాకుళంలో మూడు చోట్ల, విజయనగరంలో ఒక చోట. పేరు ఒక్కో చోట ఒక్కోటి. ఆయా అంటారు, నర్సింగ్ అసిస్టెంట్ అంటారు, ప్రభుత్వాసుపత్రిలో ఎఫ్ఎన్‌వో, అంటే ఫీమేల్ నర్సింగ్ ఆర్డర్లీ, మగవాళ్లయితే ఎంఎన్‌వో, అంటే మేల్ నర్సింగ్ ఆర్డర్లీ, కోర్సు చేసి వచ్చినవాళ్లని జీడీఏ అంటారు, అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్. పని మాత్రం ఒకటే. మంచం మీదున్న మనిషిని శుభ్రంగా ఉంచాలి, పడిపోకుండా, పుండ్లు పడకుండా చూసుకోవాలి, మీ కంటికి కనపడింది సిస్టర్‌కి చెప్పాలి.

చేరే ముందు అడగాల్సినవి

ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేది తక్కువే ఉంటుంది, "రాత్రి డ్యూటీ చేస్తావా, పెళ్లయిందా, పిల్లలున్నారా" అంతే. మీరు అడగాల్సిందే ఎక్కువ. డ్యూటీ ఎన్ని గంటలు? ఎనిమిదా, పన్నెండా? మా వైపు ప్రైవేటులో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అనే చోట్లే ఎక్కువ చూశాను. వారానికి సెలవు ఉందా, ఏ రోజు? జీతం బ్యాంకులో వేస్తారా, చేతికిస్తారా? బ్యాంకులోనే వేయమనండి, రేపు ఏదైనా గొడవొస్తే మీ దగ్గర ఉండే రుజువు అదొక్కటే. యూనిఫాం డబ్బులు జీతంలో కోస్తారా? ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. అడిగినందుకు పని ఇవ్వమన్నారంటే, ఆ చోట మొదటి నెలలోనే ఏడుపు మొదలయ్యేదని అనుకోండి.

పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ సంచిలో పెట్టుకుని వచ్చేయండి. "ఆఫీసులో భద్రంగా ఉంటాయమ్మా" అంటారు. మనం మానేస్తామన్న రోజు వరకూ చాలా భద్రంగా ఉంటాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఆసుపత్రి చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలి. గ్లవ్స్, మాస్కులు ఇవ్వాలి, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి, చేరగానే ట్రైనింగ్ ఇవ్వాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి. అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు. వారం ఆగి మళ్లీ అడగండి. నాకు నాలుగో ఏడు గాని వేయలేదు, అది కూడా తనిఖీకి ఎవరో వస్తున్నారని.

మీ పని ఎక్కడ ఆగుతుందో తెలుసుకోండి

ఇది నేను తిన్న దెబ్బ కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. చేరిన రెండో నెల. రాత్రి డ్యూటీ, ఒక్క సిస్టర్, ఆమె లేబర్ రూమ్‌లో ఇరుక్కుపోయింది. వార్డులో ఒక తాతకి సెలైన్ అయిపోయింది. తాతకి షుగర్ ఉంది. "బాటిల్ మార్చేయ్, అక్కడే ఉంది" అని లోపలి నుంచి కేక. నేనూ రోజూ చూస్తున్నదేగా అనుకుని, అక్కడున్న బాటిల్ తీసి తగిలించాను. అది పక్క మంచం వాళ్ల గ్లూకోజు బాటిల్. తెల్లారేసరికి తాత షుగర్ నాలుగు వందలు దాటింది. దేవుడి దయవల్ల తాతకి ఏమీ కాలేదు, మూడు రోజుల్లో ఇంటికి వెళ్లాడు. కానీ విచారణ అనేసరికి మార్చమన్న మాట ఎవరూ అనలేదు. నాకు సగం నెల జీతం కోశారు. కోసినందుకు కాదు గానీ, ఆ తాత మనవరాలు నా మొహం చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని చెప్తున్నాను. ఇంజెక్షన్, సెలైన్ మార్చడం, కాన్యులా (నరంలోకి పెట్టే సన్న గొట్టం) తీయడం పెట్టడం, మందు బిళ్లలు ఇవ్వడం, క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం, ఆక్సిజన్ పెంచడం తగ్గించడం, ఇవేవీ మన పని కాదు. చేతులకి వచ్చినా మన పని కాదు. ఎవరైనా చేయమంటే గట్టిగా కాదనక్కర్లేదు, "సిస్టర్, నాకు రాదండి, మీరొస్తే దగ్గరుండి పట్టుకుంటాను" అనండి. రాదు అంటే చిన్నతనం కాదు. అప్పటికీ తిడితే తిట్టనివ్వండి. తిట్లకి కేసు ఉండదు.

అలాగని అన్నిటికీ "నాది కాదు" అనే ఆయాని కూడా చూశాను, పేషెంటు అరగంట నుంచి బెడ్ పాన్ అడుగుతుంటే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. ఆ మనిషి పక్కన పని చేయడం మహా కష్టం.

మొదటి రోజు

జడ ముడి వేసుకోండి. గోళ్లు తీసేయండి, గాజులు తీసేయండి, ఉంగరాలు ఉంటే ఇంట్లో పెట్టి రండి. మట్టిగాజులు తీయడానికి వాళ్ల అత్తగారు ఒప్పుకోలేదని ఒకమ్మాయి రెండు రోజులు వేసుకునే వచ్చింది, మూడో రోజు ఒక గాజు పగిలి పేషెంటు చర్మానికి గీసుకుంది. చెప్పులు జారనివి, వేళ్లు కప్పేవి కొనుక్కోండి. ఏడు రోడ్ల కూడలి దగ్గర షాపుల్లో మూడు వందలకే దొరుకుతాయి, హవాయి చెప్పులతో తడి నేల మీద పరుగెడితే ముందు పడేది మీరే.

చేతులు కడగడం. సబ్బుతో అయితే నలభై నుంచి అరవై సెకన్లు, శానిటైజర్ అయితే ఇరవై, ముప్పై సెకన్లు. ఒక పేషెంటుని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, మలమూత్రాలు తీశాక గ్లవ్స్ విప్పిన తర్వాత కూడా. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని అవే గ్లవ్స్‌తో తలుపు గడియ తీసి, ఫోన్ ఎత్తి, ఇంకో మంచానికి వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లకి గ్లవ్స్ లేకపోతేనే నయం, కనీసం చెయ్యి కడుక్కుంటారు.

చెత్త డబ్బాల రంగులు మొదటి రోజే నేర్చేసుకోండి. రక్తం అంటిన దూది, కట్లు పసుపులో. సెలైన్ బాటిళ్లు, గొట్టాలు, యూరిన్ బ్యాగులు, గ్లవ్స్ ఎరుపులో. సూదులు, బ్లేళ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలంలో.

మంచం మీద మనిషిని తిప్పడం

ఈ ఒక్క పని సరిగ్గా వస్తే సగం ఆయా అయిపోయినట్టే. కదలలేని పేషెంటుని రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. పడటానికి ఒక్క రాత్రి చాలు, మానడానికి నెలలు పడుతుంది.

ముందు మంచం చక్రాలకి లాక్ వేయండి. పేషెంటుకి చెప్పండి, స్పృహ లేకపోయినా చెప్పండి: "మామ్మా, నిన్ను ఇటు తిప్పుతున్నాను." మీరు ఏ పక్కకి తిప్పాలో ఆ పక్కనే నిలబడండి. అవతలి చెయ్యి ఛాతీ మీదకి, అవతలి కాలు ఇవతలి కాలి మీదకి వేయండి. ఒక చెయ్యి అవతలి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద పెట్టి మీ వైపుకి దొర్లించండి. బలం నడుంలోంచి కాదు, మోకాళ్లు కొంచెం వంచి, ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి పెట్టి, మీ బరువుని వెనక కాలి మీదకి మార్చండి. తిరిగాక వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టాలి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఒక చిన్న దిండు. దిండ్లు తక్కువైతే దుప్పటి మడిచి పెట్టండి, మన ఆసుపత్రుల్లో దిండ్లు ఎప్పుడూ తక్కువే.

పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగొద్దు. కింద అడ్డంగా పరిచిన డ్రా షీటుని అటొకరు ఇటొకరు పట్టుకుని, ఒకటి రెండు మూడు అని ఒకేసారి జరపండి. ఒక్కరే చేయకండి. నేను మొదటి రెండేళ్లు ఒక్కదాన్నే చేశాను, నా నడుం ఇప్పుడు అమావాస్యకీ పౌర్ణమికీ కూడా చెప్తుంది.

తిప్పిన ప్రతిసారీ చర్మం చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే పర్వాలేదు, తిప్పుతూ ఉండండి. నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకి మొదలు, వెంటనే సిస్టర్‌కి చెప్పండి. అక్కడ నూనె రాసి మర్దనా చేయకండి, పౌడరు గుప్పకండి. పేషెంటు తాలూకు వాళ్లు గాలి ట్యూబు కొనుక్కొస్తారు, గుండ్రంగా ఉండేది, దాని మీద కూర్చోబెట్టమంటారు. అది చుట్టూ ఉన్న చర్మాన్ని నొక్కేసి మధ్యలో రక్తం ఆడనివ్వదు. వద్దని మెల్లగా చెప్పండి.

ఒళ్లు తుడవడం, అన్నం పెట్టడం

నీళ్లు మీ మోచేతికి గోరువెచ్చగా ఉండాలి. ఒళ్లంతా ఒకేసారి విప్పేయొద్దు, తుడిచే భాగం మాత్రమే తీసి మిగతాది దుప్పటి కప్పండి, కర్టెన్ లేకపోతే రెండు స్టాండ్లకి చీర కట్టయినా సరే. కళ్లు సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి. తర్వాత మొహం, చేతులు, ఛాతీ, కాళ్లు, వీపు. చివర్న కింది భాగం, నీళ్లు మార్చి. ఆడవాళ్లకి ముందు నుంచి వెనక్కే తుడవాలి, వెనక నుంచి ముందుకి తుడిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లకి చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే భుజం కీలు జారుతుంది.

మగ పేషెంటుకి చేయాల్సి వస్తే వార్డు బాయ్‌ని అడగండి. ఉంటే వస్తాడు. లేనప్పుడు ఇంటివాళ్లని ఒకరిని పక్కన నిలబెట్టుకుని చేయండి.

అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టి పెట్టాలి, గడ్డం కొంచెం కిందకి ఉండాలి, చిన్న చెంచా, మింగాకే రెండోది. దగ్గు వచ్చినా, గొంతు గరగరమన్నా ఆపేయండి. పక్షవాతం వచ్చిన కొత్తలో సిస్టరో డాక్టరో సరేనంటే తప్ప చుక్క నీళ్లు కూడా పోయకండి. ముక్కులో గొట్టం ఉన్నవాళ్లకి గొట్టం కడుపులోనే ఉందో లేదో సిస్టర్ చూడాలి, తల వైపు ఎత్తి ఉంచాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి.

యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుం కంటే కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు బ్యాగ్‌ని పేషెంటు పొట్ట మీద పెట్టేస్తారు చూడండి, మూత్రం వెనక్కి పోతుంది. పారబోసే ముందు కొలిచి రాయండి.

కిడ్నీ పేషెంట్లు

శ్రీకాకుళం జిల్లాలో పనిచేస్తే ఇది తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ ఉద్దానం వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువ, అక్కడి నుంచి డయాలసిస్ వాళ్లు వస్తూనే ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు గానీ, మిగతా ఆసుపత్రులకి కూడా వీళ్లు వస్తారు.

చేతిలో ఫిస్టులా ఉంటుంది, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ముట్టుకుంటే జుయ్యిమని కొట్టుకుంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దు, ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వద్దు, ఆ చెయ్యి పట్టుకుని లేపొద్దు. ఎవరైనా అటువైపు బీపీ మిషన్ తెస్తే "ఈ చేతికి ఫిస్టులా ఉందండి" అని చెప్పడం మీ పనే. నీళ్లు లెక్కే. టీ, మజ్జిగ, చోడి (రాగి) అంబలి, ఐసుముక్క అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి, డాక్టర్ రాసినదానికి మించకూడదు.

ఇంకొకటి, చెప్పడానికి మనసు రాదు. ఉద్దానం అంటేనే కొబ్బరితోటలు కదా, ఇంటి నుంచి ప్రేమగా కొబ్బరిబొండాలు పట్టుకొస్తారు, "నీరసంగా ఉన్నాడు, తాగితే ఓపికొస్తాది" అని. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయని మనిషికి అది పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చు. ఒకసారి ఒక పెద్దమ్మ చెట్టు నుంచి దింపించిన నాలుగు బొండాలు గోనెసంచిలో మోసుకుంటూ బస్సెక్కి వచ్చింది. కాదంటే ఏడ్చింది. ఆ బొండాలు ఆమెకీ నాకూ కొట్టించాను. ఇద్దరం మెట్ల మీద కూర్చుని తాగాం.

సూది గుచ్చుకుంటే

టెన్షన్ పడొద్దు, అలాగని దాచొద్దు కూడా. సబ్బు, ధారగా పడే నీళ్లతో కడగండి. పిండి రక్తం తీయడం, నోట్లో పెట్టుకోవడం, బ్లీచింగ్ పోయడం చేయకండి. వెంటనే సిస్టర్‌కి చెప్పండి, అది ఏ పేషెంటు సూదో కనుక్కోండి, మీ పేరు, టైము రిజిస్టర్‌లో రాయించండి. అవసరమైతే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, మొదలుపెడితే 28 రోజులు వాడాలి. మీ దగ్గర లేకపోతే జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా చెప్తారు. సూదికి క్యాప్ తిరిగి పెట్టడం ఎవరు నేర్పినా నేర్చుకోకండి.

బంగారం, చేతి డబ్బులు

ముక్కుపుడక, నల్లపూసలు, ఫోను, పర్సు. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు తీయాల్సి వస్తే ఒక్కరే తీయకండి. సిస్టర్ ఉండాలి, ఇంటివాళ్లు ఉండాలి, కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. ప్రాణం పోయిన మనిషి దగ్గరైతే మరీ జాగ్రత్త. ఏది కనపడకపోయినా మొదట చూసేది మన సంచిలోనే.

బిడ్డ పుట్టినప్పుడు డబ్బులు అడిగే అలవాటు ఉంది, మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లైతే ఇంత. నేను కూడా మొదట్లో తీసుకున్నాను, అబద్ధం ఎందుకు. 2010లో నా జీతం మూడు వేలు. ఒకరోజు కూలి చేసుకునే ఒకాయన జేబులోంచి చిల్లర తీసి లెక్కపెడుతుంటే బిడ్డని ఇంకా ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాను, ఆ తర్వాత అడగడం మానేశాను. ఇష్టంగా మిఠాయి పెడితే తినండి. అడగొద్దు.

జీతం, గంటలు, కోతలు

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ వచ్చిన టైము, వెళ్లిన టైము మీ చేత్తో రాసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నా తర్వాత డ్యూటీకి రావాల్సిన ఆమెది మందస వైపు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, ఆమె ఇల్లే ఎగిరిపోయింది, ఎలా వస్తుంది? మూడు రోజులు నేనే ఉన్నాను. నెలాఖరుకి అడిగితే "రిజిస్టర్‌లో లేదమ్మా" అన్నారు. నోట్‌బుక్ అలవాటు అప్పటి నుంచే. వారానికి 48 గంటలు దాటితే పై గంటలకి రెట్టింపు కట్టాలి. ఆసుపత్రులకీ నర్సింగ్ హోములకీ ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయిస్తుంది, ఇప్పుడు ఎంత ఉందో జిల్లా లేబర్ ఆఫీసులో అడిగితే కాగితం చూపిస్తారు. ఒక్కరే వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 దాటనివాళ్లకి ఈఎస్ఐ (జబ్బు చేస్తే ఆదుకునే ప్రభుత్వ బీమా) ఉండాలి. మీ జీతంలో కోసేది 0.75 శాతం, వాళ్లు కట్టేది 3.25 శాతం. పది వేల జీతానికి మీది 75 రూపాయలు, వాళ్లది 325. ఇరవై మంది ఉన్నచోట పీఎఫ్ (ముసలితనానికి దాచే పొదుపు), మీది 12 శాతం, వాళ్లది 12 శాతం. కొన్ని ఏజెన్సీలు రెండు వాటాలూ మన జీతంలోనే కోసేస్తాయి. అది తప్పు. పీఎఫ్ పడుతోందో లేదో మీ నంబరు నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వస్తుంది, యూఏఎన్‌కి (మీ పీఎఫ్ నంబరుకి) ఆ ఫోన్ నంబరు, ఆధార్ కలిసి ఉండాలి.

ఎవరైనా చెయ్యి వేసినా, మాట తేడాగా ఉన్నా, పేషెంటైనా డాక్టరైనా, తారీఖు టైముతో ఆ నోట్‌బుక్‌లోనే రాయండి. పదిమంది ఉన్న ప్రతి చోటా ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలని, పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం చెప్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు.

హైదరాబాద్, విశాఖల్లో ఇంట్లో ఉండి పేషెంటుని చూసుకునే పనికి ఏజెన్సీలు మన పిల్లల్ని తీసుకెళ్తాయి. జీతం పెద్దగానే కనపడుతుంది. వెళ్లేముందు ఆ ఇంటి అడ్రస్, ఇంటివాళ్ల నంబరు మీ అమ్మానాన్నలకి ఇచ్చి వెళ్లండి, పడుకోవడానికి తలుపు వేసుకునే చోటు ఉందో అడగండి, వంట, అంట్లు కూడా చేయాలో ముందే తేల్చుకోండి. పేషెంటుని చూసుకునే పనని తీసుకెళ్లి ఇల్లంతా తుడిపించే ఇళ్లు చాలా ఉన్నాయి.

డ్యూటీ దిగేటప్పుడు

తర్వాత వచ్చే ఆమెకి దూరం నుంచి "అన్నీ చెప్పేశాను" అనకుండా మంచం దగ్గరికి తీసుకెళ్లి చెప్పండి. ఏ పక్కకి తిప్పారు, ఎన్నింటికి, మూత్రం ఎంత, ఎవరికి అన్నం ఆపారు, ఎవరు మంచం దిగబోతున్నారు. రాత్రి ఎనిమిదికి దిగితే పొందూరు, నరసన్నపేట, రణస్థలం వైపు బస్సు ఎన్నింటికో ముందే చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు, నెలకి నాకు మిగిలిందే పన్నెండు వందలు. రథసప్తమి రోజు మాత్రం అరసవల్లి జనంతో ఏ బస్సూ అందదు, ఆ రోజు పగలు డ్యూటీ వేయించుకోకండి.

యూనిఫాం ఆసుపత్రిలోనే మార్చుకుని కవర్లో కట్టి తీసుకెళ్లండి, ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా వేడినీళ్లలో ఉతకండి. స్నానం అయ్యేదాకా పిల్లల్ని ఎత్తుకోవద్దు. మా చిన్నది గుమ్మం దగ్గరే చేతులు చాపి నిలబడేది, నేను దాన్ని దాటుకుని పెరట్లోకి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు పెద్దదయింది. నేను వచ్చే టైముకి పెరట్లో బకెట్ నింపి పెడుతుంది.